ఎర్రసిరా ప్రశ్నలు

"యాడికి పోతాండావు?" అని అడిగితే మా ఊళ్ళో ఎవరూ జవాబు చెప్పరు. వేరే ఊళ్ళవాళ్ళు శకునం చెడుతుందని చెప్పరు. మేం ప్రాణం మీది తీపితో చెప్పం. మా నాయన ప్రొద్దుటూరు పోయేటప్పుడు కమలాపురం అనేవాడు. కమలాపురం పోయేటప్పుడు ఏమీ అనేవాడు కాదు, చెప్పులు తొడుక్కుని లేచిపోయేవాడు. ఎప్పుడొస్తావని మా అమ్మ ఒక్కనాడూ అడిగి ఎరగదు. అన్నం వండి మూతపెట్టి కూర్చునేది. వాళ్ళ కాపురమంతా అట్లాగే నడిచింది.

నన్ను అనుమానం మనిషి అంటారు. అననీ. ఇప్పటికీ ఎవరైనా "ఎక్కడికి సార్ బయల్దేరారు?" అని నవ్వుతూ పలకరిస్తే ముందు వాళ్ళ చేతుల వైపు చూస్తాను. మొహం తర్వాత.

మాది కమలాపురం దగ్గర ఏటి గట్టు మీది ఊరు. ఊరికి రెండు పార్టీలు. ఒకదానికి మా నాయన పెద్ద. రెండో పార్టీ పెద్దాయన ఏటి అవతలి ఊళ్ళో ఉండేవాడు. గొడవ ఎట్లా మొదలైందని నన్ను అడగొద్దు. ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు, నాకు ఒక్కటీ నమ్మబుద్ధి కాదు. నాకు తెలిసిందల్లా ఇంతే: ఏ మనిషి ఏ పూట ఏ దావన నడుస్తాడో ఎదుటివాళ్ళకు తెలిసిందా, ఆ మనిషి ఇల్లు చేరడు. దావ అంటే మా వైపు దారి.

నేను పలక పట్టుకుని బడికి పోయే వయసులో, ఎదుటి పెద్దాయన దగ్గర జీతానికున్న ఒక మనిషి ఏట్లో చచ్చిపడి కనిపించాడు. ఆ పెద్దాయన ఎక్కడికి కదిలినా ముందు నడవడం ఆ మనిషి పని. ఏ పొదలోంచి ఏం వచ్చినా ముందు తనకు తగలాలి, అందుకే జీతం. ఆ రోజు మాత్రం పెద్దాయన వెంట లేడు, ఒంటరిగా వస్తున్నాడు. పోలీసులు వచ్చి మా నాయన్ను కడప తీసుకుపోయారు. సాక్షులు లేరని కోర్టు వదిలేసింది. "వాల్ల మనిషిని వాల్లే సంపుకోని మన మీదికి తోసినారు" అని మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి. బడిలో ఎవడైనా ఇంకోలా అంటే వాడి పలక పగలగొట్టేవాణ్ణి.

అటువంటి ఇంటి నుంచి నన్ను కాలేజీకి పంపారు. దగ్గర్లో కడప ఉంది గానీ, ఆ కాలేజీలో ఎదుటివాళ్ళ చుట్టాల పిల్లలున్నారు. అందుకని కర్నూలు. కర్నూలు అప్పుడే రాజధాని అయింది. ఆఫీసులన్నీ డేరాల్లో. గాలి లేస్తే కాగితాల వెంట పంచె ఎగ్గట్టి పరుగెత్తే గుమాస్తాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు, ఎవరెవరో ఎవరికీ తెలియని వీధులు. "నీ మొగం ఎవురికీ తెలీని ఊరు. అదే మేలు" అన్నాడు నాయన. రైలెక్కించేటప్పుడు ఇంకొక్క మాట చెప్పాడు.

"ఇంటి సంగతి ఎవురడిగినా సెప్పాకు."

అడిగేవాళ్ళు ఎవరుంటారులే అనుకున్నాను. మొదటి నెలలోనే అడిగాడు ఒకాయన, మా ఇంగ్లీషు లెక్చరరు.

ముప్పై దాటీ దాటని మనిషి. మద్రాసులో చదివి వచ్చాడు. క్లాసులో ఇంగ్లీషు తప్ప వేరే ముక్క మాట్లాడడు. వారానికొక వ్యాసం రాయాలన్నాడు. ఓస్, అదెంత పని! హైస్కూల్లో నేను వ్యాసాలకు పెట్టింది పేరు. ఆవు మీద, రైలు ప్రయాణం మీద, ఐకమత్యం మీద గైడులో ఉన్నవన్నీ నాకు కంఠతా. ఏ విషయమిచ్చినా మొదటి రెండు వాక్యాలూ చివరి రెండు వాక్యాలూ అవే పడతాయి, మధ్యలో కొంచెం మార్చుకుంటే చాలు.

మొదటి వారం "మీ ఇల్లు" అన్నాడు. నేను రాసి పడేశాను. మా ఇల్లు అందమైనది, చుట్టూ పచ్చని చెట్లు, ఉదయాన పక్షుల కిలకిలలు, ముంగిట్లో రకరకాల పూలు. మా ఊళ్ళో పచ్చదనం అంటే తుమ్మచెట్లూ నాగజెముడూ. పూలంటే బంతిపూలు, అవీ పండగకు కమలాపురం నుంచి వచ్చేవి. అయినా ఇంగ్లీషులో ఇల్లంటే అట్లాగే ఉండాలని నా నమ్మకం.

కాగితం తిరిగొచ్చింది. పక్షుల మీద, పూల మీద అడ్డంగా ఎర్రసిరా గీత. పక్కన ప్రశ్నలు. వాకిలి ఏ దిక్కుకు ఉంది? లోపల అడుగు పెట్టగానే ఎదురుగా ఏం కనిపిస్తుంది? వెనక తలుపు ఉందా? మీ నాన్న ఎక్కడ పడుకుంటాడు?

చుట్టూ చూశాను. మిగతా పిల్లలు తమ కాగితాల మీది ఎర్రసిరా చూసి విసుక్కుంటున్నారు, అంతే. వాళ్ళకవి ఉత్త ప్రశ్నలు. మా ఊళ్ళో అయితే ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు తెలిసినవాడు మా ఇంట్లోకి కత్తితో వచ్చి పని ముగించుకుని పోగలడు.

రెండో వారం "మీరు తరచుగా నడిచే దారి" అన్నాడు. మూడో వారం "మీ నాన్న గడిపే ఒక రోజు" అన్నాడు. పొద్దున ఎన్నింటికి లేస్తాడు, ఎటు పోతాడు, వెంట ఎవరుంటారు, ఎప్పుడు తిరిగొస్తాడు, అన్నీ చూసినట్టు రాయాలట. సచ్చినాంరా దేవుడా అనుకున్నాను. ఆ రెండు వారాలూ కాగితం ఇవ్వలేదు.

క్లాసయ్యాక వరండాలో పిలిచాడు. అప్పటిదాకా దొరలా ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి గొంతు తగ్గించి "ఎందుకు రాయలేదప్పా?" అన్నాడు.

ఆ "అప్పా" మద్రాసుది కాదు. కోస్తాది కాదు. మా సీమది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, సరే పొమ్మన్నాడు. అట్లా చూడటం కూడా నాకు నచ్చలేదు.

హాస్టల్లో నా గదిలో ఉండే కుర్రాడిది ఓర్వకల్లు వైపు. క్రైస్తవుల పిల్లాడు, ప్రతి ఆదివారం చొక్కా ఉతుక్కుని చర్చికి పోయేవాడు. లెక్చరరు కూడా అదే చర్చికి వస్తాడని వాడే చెప్పాడు. ఒక ఆదివారం వచ్చి మంచం మీద కూలబడి, పెద్ద శుభవార్త తెచ్చినవాడిలా నవ్వాడు.

"ఏమప్పా, మన సారుది మీ ఊరి పక్కనే అంట గదా! ఏటికి అవతల. నీకు తెలీదా?"

"ఎవరన్నారు?"

"ఆయప్పే అన్నాడు. చిన్నప్పుడే మిషన్ హాస్టల్లో ఏసినారంట. వాల్ల నాయన ఎవురో పెద్దాయప్ప కాడ జీతానికుండి, ఏదో గొడవలో పోయినాడంట పాపం. ఏందప్పా, అట్ల మొగం పెట్టినావు?"

నేను ఏం మొహం పెట్టానో నాకు తెలియదు. హాజరు పిలిచేటప్పుడు నా ఊరి పేరు చూసి ఆయన ఒక్క క్షణం ఆగడం గుర్తొచ్చింది. నేనెవరి కొడుకునో ఆయనకు మొదటి రోజే తెలుసు. తెలిసీ ఒక్క ముక్క అనలేదు. అనకుండా మా నాయన ఎక్కడ పడుకుంటాడని ఎర్రసిరాతో అడుగుతున్నాడు. ఇంక అనుమానించడానికి ఏం మిగిలింది?

దసరా సెలవులకు ఇంటికి పోయి, కల్లంలో నాయన ఒక్కడే ఉన్నప్పుడు అంతా చెప్పాను. జొన్నచొప్ప కట్టలు లెక్క చూస్తున్న మనిషి చేతిలో కట్ట కిందపడేసి నిలబడిపోయాడు.

"ఆ ముందర నడిసేటోని కొడుకా?"

"అవును నాయనా."

"బతికుండాడా వాడు! మద్రాసులో సదువుతాండాడని అప్పుడెప్పుడో అన్నారు." కాసేపు అటూ ఇటూ నడిచాడు. "సాలు. ఇంగ ఆ కాలేజీ వద్దు. పెట్టె తెప్పిస్తా."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, కాలేజీలో చదివేవాణ్ణి అని కూడా చూసుకోలేదు. ఎందుకంటే అప్పటికే ఒకటి జరిగిపోయింది. ఆయన ప్రశ్నలకు జవాబు రాయకపోయినా, రైలు దిగి ఇంటికి నడిచొస్తూ వాకిలి ఏ దిక్కుకుందో చూశాను. లోపల అడుగు పెట్టగానే ఏం కనిపిస్తుందో చూశాను: చిలుక్కొయ్యకు వేలాడే నాయన కండువా, దాని కింద గోడ మీద నూనె తల ఆనిన మరక. పుట్టి పెరిగిన ఇల్లు. ఆ మరక నేను అంతకుముందు చూడలేదు. ఆ మనిషి శత్రువే కావచ్చు, నాకు కళ్ళిచ్చినవాడు ఆయనే. ఆ చదువు వదులుకోవడం నావల్ల కాలేదు.

నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున మళ్ళీ కల్లంలోకి పిలిచాడు.

"ఉన్నపలంగా మానుకుంటే మనకు తెలిసిపోయిందని వానికి తెలుస్తాది. పో. అడిగినవన్నీ రాయి. కానీ మన ఇల్లు రాయాకు. వాకిలి తూర్పుకుంటే పడమటికి తిప్పు. తిప్పినాంక పొద్దున ఎండ యాడ పడతాదో అదీ తిప్పు. యాపచెట్టు తిప్పు. కుక్కను యాడ కట్టేస్తామో అదీ తిప్పల్ల. ఒకటి తిప్పి ఇంగొకటి మరిసినావంటే దొరికిపోతావు. అబద్దం సెప్పేటప్పుడు దాంట్లో కాపురం సెయ్యల్లరా. నాకు కడపలో వకీలు నేర్పిచ్చినాడు."

ఆ తర్వాత కథలు రాయడం గురించి లావాటి పుస్తకాలు చాలా చదివాను. అంత పనికొచ్చే మాట ఒక్కదాంట్లో లేదు.

"ఉగాది లోపల నేనే వస్తా" అన్నాడు నాయన చివర్లో. "ఆ మనిషిని సూస్తా. సూసినాంక నువ్వు ఉండల్లనో వద్దో సెప్తా. ఆయప్ప సంగతి ఏం సెయ్యల్లనో కూడా అప్పుడే."

ఏం సెయ్యల్లనో అన్న మాట ఎట్లా అన్నాడంటే, నాకు అప్పటినుంచి రెండు భయాలయ్యాయి. ఒకటి మా నాయనకు ఏమవుతుందోనని. రెండోది ఆ లెక్చరరుకు ఏమవుతుందోనని.

కర్నూలు తిరిగొచ్చి రాయడం మొదలుపెట్టాను. వాకిలి తిప్పాను, ఎండను తిప్పాను, కుక్కను పెరట్లోంచి తెచ్చి అరుగు కింద కట్టాను. గోడ మీది మరకను మాత్రం తిప్పిన గోడ మీద అట్లాగే ఉంచాను, అది పోనివ్వబుద్ధి కాలేదు. మా నాయన్ను పొద్దున్నే గొర్రెల వెంట కొండ మీదికి పంపాను. మా ఊరికి కొండే లేదు. ఒక కొండ పెట్టాను. ఓర్వకల్లు రాళ్ళకొండలు చూపించమని నా గదివాణ్ణి సతాయించి, ఒక ఆదివారం వాడితో బస్సెక్కి పోయి, ఆ రాళ్ళను చూసొచ్చి మరీ పెట్టాను.

వారం వారం ఎర్రసిరా తగ్గుతూ వచ్చింది. ఒకసారి కాగితం కింద "ఇప్పుడు కనిపిస్తోంది" అని ఉంది. ఓరి పిచ్చి సారూ, నీకు కనిపించేది నేను చూపించిందే అని లోలోపల నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే ఆ రెండు మాటలూ పదే పదే చదువుకున్నాను. ఆయన నా వ్యాసం క్లాసులో పైకి చదివినప్పుడు చెవులు వేడెక్కాయి. ఆనందమా, భయమా అంటే చెప్పలేను. నా అబద్ధాలను ఆయన అంత ప్రేమగా చదువుతుంటే దీంట్లో ఏదో ఎర ఉందని కూడా అనిపించేది. నన్ను ఉబ్బించి, నమ్మించి, ఒకరోజు అసలు సంగతి లాగుతాడేమో. మెచ్చుకునేవాళ్ళను ఈనాటికీ నేను పూర్తిగా నమ్మను.

చలికాలంలో "మీ ఊరి నీళ్ళు" అన్నాడు. ఏటి గురించి రాశాను. ఇల్లూ దావా తిప్పేశాను కదా, వాటితోపాటు ఏటిని కూడా తిప్పాను. దక్షిణానికి పారించాను. వ్యాసం బ్రహ్మాండంగా కుదిరిందని నాకే అనిపించింది. తిరిగొచ్చినప్పుడు ఎప్పుడూ లేనన్ని మార్కులు. కింద ఎర్రసిరాతో ఒకే ఒక్క వాక్యం.

ఏరు అటు పారదు.

కొండ పెడితే ఊరుకున్నాడు, వాకిలి తిప్పితే ఊరుకున్నాడు, ఇన్నాళ్ళూ నేను ఆడే ఆటంతా ఆయనకు తెలుసు. ఆయన ఏటి అవతలివాడని నేనే మర్చిపోయాను! తలెత్తి చూస్తే ఆయన నల్లబల్ల తుడుస్తున్నాడు. నా వైపు చూడలేదు.

ఉగాది ఇంకా చాలా దూరముండగానే నాయన దిగాడు. ఇంట్లో ఎర్రగుంట్ల అని చెప్పి బయల్దేరాడట. వెంట ఇద్దరు మనుషులు, నేను చిన్నప్పటి నుంచి మామా అని పిలిచేవాళ్ళే. ఆదివారం మధ్యాహ్నం. నేరుగా లెక్చరరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. దారిలో నేను కాళ్ళు ఈడుస్తూ "నాయనా, ఆయన్ను ఏం అనొద్దు" అన్నాను. నాయన నడుముకున్న పంచె కొంచెం ఎత్తుగా కనిపించింది. అక్కడ ఏముందో అని చూపు తిప్పుకోలేకపోయాను.

లెక్చరరు ఇల్లు ఒక ఇరుకు సందులో ఒంటిగది. ఆయన గడపలో నిలబడి, ముందు నాయన్ను, వెనకున్న ఇద్దరినీ, ఆఖరికి నన్ను చూశాడు. ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మన్నాడు. ఇద్దరినీ వీధిలో ఉండమని నాయన సైగ చేశాడు. ఉన్న ఒక్క కుర్చీలో నాయన్ను కూర్చోబెట్టి, లెక్చరరు మంచం పట్టె మీద కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకున్నాను.

"మా వానికి ఇంగ్లీషు బాగా సెప్తాండారంట సారూ" అన్నాడు నాయన.

"మీవాడు బాగా రాస్తాడు."

"ఏం రాస్తాడు?"

"అబద్ధాలు" అన్నాడు ఆయన, చిన్నగా నవ్వి. "శానా బాగా రాస్తాడు."

నాయన నవ్వలేదు. అప్పటిదాకా ఉన్న "సారూ" కూడా పోయింది. మా నాయన ఆ మనిషి తండ్రిని "ఒరే" అని పిలిచి ఉంటాడు. కొడుకును ఏమని పిలవాలో ఆయనకు తెలియడం లేదు. ఏ పిలుపూ లేకుండా మాట మొదలుపెట్టాడు.

"అబద్దమని తెలిసి మల్లా ఎందుకు అడిగేది? నేను యాడ పండుకుంటే ఎవురికి కావల్ల?"

"నాకు అక్కర్లేదు. క్లాసులో అందరికీ అదే అడిగినా" అన్నాడు లెక్చరరు. ఇంగ్లీషు, మద్రాసు అన్నీ ఆయన నోట్లోంచి జారిపోయాయి. అచ్చం మా ఏటి గట్టు మాట. "మా నాయన యాడ పండుకుంటాండెనో నాకు తెలీదు పెద్దాయనా. పొద్దున ఎప్పుడు లేస్తాండెనో తెలీదు. నన్ను చిన్నప్పుడే హాస్టల్లో ఏసినారు. పండక్కి పోతే రెండు దినాలు కూసోబెట్టి అన్నం పెట్టి పంపిస్తాండె. మద్రాసులో నాకు తంతి వచ్చేటప్పటికే పూడ్సేసినారు. ఆయన గురించి ఒక్క పేజీ రాద్దామని ఎన్నోతూర్లు కూసున్నా. ఇంట్లోంచి బయటికి తీసుకొస్తా, ఏటి కాడికి తీసుకొస్తా. ఆడ నిల్సిపోతాది. ఆ పొద్దు ఏ దావన దిగినాడో తెలీదు, ఎండలోనో మాపటేలనో తెలీదు. మా ఊల్లో ఎవుర్నడిగినా నోరిప్పరు. అందుకే పిల్లోల్లకు సెప్తాండా, మీ నాయన్లు బతికుండంగానే సూసి రాసుకోండప్పా అని."

అంతే. ఇన్ని నెలలు నేనూ మా నాయనా కలిసి దేనికి భయపడ్డామో, దాని మొత్తం సంగతి అంతే. నాకు సిగ్గేసింది. నాయన ఇప్పుడు లేస్తాడు, సరేలే అని ఒక దండం పెట్టి బయటికి నడుస్తాడు, నా చదువు నిలబడుతుంది అనుకున్నాను.

నాయన లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఏం అడిగినా తిరిగి ఇంకోటి అడిగే మనిషి, తాను పోయే ఊరు పెళ్ళానికి కూడా చెప్పని మనిషి. నోరు తెరిచాడు.

"మజ్జాన్నం దాటినాంక. పెద్ద ఎండ" అన్నాడు. "తుమ్మల కాడ దిగినాడు. ఏట్లో నీల్లు లేవు, ఇసుకలో అడ్డం పడి వచ్చినాడు. కండువా నెత్తికి కట్టుకోనుండె. పాడుకుంటా వచ్చినాడు."

లెక్చరరు మంచం పట్టె పట్టుకున్నాడు. "ఏం పాట?"

"మీ గుడి పాట. మాటలు నాకు తెలీదు. గొంతు బాగుండె." నాయన తల ఎత్తలేదు. "నడిమధ్యలో సెలమ తోడుంటే, దాని కాడ కూసుని నీల్లు తాగినాడు. దోసిలితో. తాగనిచ్చినారు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తాగనిచ్చినారు. ఇసుకలో తవ్విన చెలమ దగ్గర కూర్చుని నీళ్ళు తాగే మనిషి నాకు స్పష్టంగా కనిపించాడు. ఆయన తాగడం అయిపోయేదాకా తుమ్మల చాటున నిలబడ్డ వాళ్ళూ కనిపించారు. వాళ్ళలో ఒకరి మొహం చూడకుండా ఉండాలని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనిపించింది.

"కడుపు నిండా తాగినాడా?" అని అడిగాడు లెక్చరరు.

"తాగినాడు."

"భయపడినాడా?"

"లేదు. ఎనక్కి తిరిగి సూసుకోలేదు."

లెక్చరరు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. మా నాయన నడుము దగ్గర చేయి కదులుతుందేమోనని నేను చూశాను. కదల్లేదు. ఇప్పుడు ఈ మనిషి తిరిగి ఏం చేస్తాడో, అరుస్తాడో, వీధిలోకి పరుగెత్తి పోలీసులను పిలుస్తాడో, మా నాయన గొంతు పట్టుకుంటాడో అని ఎదురుచూశాను. పట్టుకుంటే నేను అడ్డం పోయేవాణ్ణా? తెలియదు. నిజంగా తెలియదు.

ఆయన తిరిగాడు. మొహం తుడుచుకోలేదు. నాయన్ను చూడలేదు, నన్ను చూశాడు.

"రేపు తొమ్మిదింటికి క్లాసప్పా. రా."

నాయన లేచి రెండు చేతులూ జోడించాడు. "అయివారూ" అన్నాడు. మా వైపు చదువు చెప్పేవాళ్ళను అట్లాగే పిలుస్తాం. లెక్చరరు తిరిగి దండం పెట్టలేదు.

స్టేషనుకు నడిచాం. ఇద్దరు మనుషులూ వెనక. డేరాల పక్కనుంచి పోతుంటే దుమ్ము లేచి కళ్ళల్లో పడింది. అది సాకుగా పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను. "ఆ మనిషి పాడుకుంటా వచ్చినాడని నీకెవరు చెప్పినారు నాయనా?" అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే చెప్పేస్తాడని భయం. ఆ పూట ఆయన ఏదడిగినా చెప్పేసేట్టున్నాడు.

రైలు కదిలే ముందు కిటికీలోంచి పిలిచాడు.

"సదువుకో. ఆయప్ప కాడనే సదువుకో."

"సరే నాయనా."

"ఏం అడిగినా రాయి. ఇల్లు అడిగితే ఇల్లు రాయి." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నన్ను అడిగితే నన్ను రాయి."

రైలు కదిలింది. నేను చేయి ఊపలేదు. ఆయనే ఊపాడు.

మరుసటి రోజు తొమ్మిదింటికి క్లాసుకు పోయాను. హాజరు పిలిచినప్పుడు పలికాను. లెక్చరరు ఎప్పటిలాగే పాఠం చెప్పాడు, నేను రాసుకున్నాను. సాయంత్రం హాస్టలుకు వచ్చి, ఇంటికి కార్డు రాయాలని కూర్చున్నాను. క్షేమం, చదువు సాగుతోంది, అంతే రాయాల్సింది. పైన "పూజ్యులైన నాయన గారికి" అని రాశాను. ఆ మాట రాసి, దాన్నే చూస్తూ, దీపాలు పెట్టేదాకా కూర్చున్నాను.